బైండింగు షాపులోంచి దారి

ఊరి నడిబొడ్డుకు కూతవేటు దూరంలో ఉంది ఆ పేట. మాటవరసకు అనడం లేదు. పెద్ద బజారులో పొద్దున్నే షట్టర్లు పైకి లాగుతుంటే, ఆ చప్పుడుకు పేటలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్లు. అంత దగ్గర ఉండీ ఊళ్లో ఎవరూ దాన్ని పట్టించుకున్న పాపాన పోలేదు. బజారుకు కావలసిన పనులన్నీ చేసిపెట్టి, బజారులో మాత్రం మొహం కనిపించని జనం అక్కడ ఉండేవాళ్లు. అచ్చు వేసేవాళ్లు, అట్టపెట్టెలు అతికేవాళ్లు, అద్దాలకు పాదరసం పూసేవాళ్లు, గొడుగు పుల్లలు సరిచేసేవాళ్లు. ఏ వీధిలోకి తిరిగామో కళ్లు మూసుకున్నా తెలిసేది. ఒకచోట జిగురు వాసన, ఇంకోచోట సిరా, ఆ మలుపు దాటితే రంపపు పొట్టు.

తర్వాత ఐస్ ఫ్యాక్టరీ మూతపడి లాడ్జి అయింది. లాడ్జి మోటారు సామాన్ల గోదాము అయింది. గోదాము కాలేజీ పిల్లల హాస్టలు అయింది. ఇప్పుడు అవే గోడలకు ఇటుక కనిపించేలా సున్నం గీకించి, నిలువెత్తు గాజు కిటికీలు బిగించి, కాఫీ కొట్టు పెట్టారు. ఇటుక బయటికి కనబడుతోందని సిగ్గుపడి సున్నం వేయించినవాళ్ల మనవలే ఇప్పుడక్కడ కూర్చుని, "ఆహా, పాత ఇటుక!" అని ఫోటోలు దిగుతున్నారు. ఒకప్పుడు పొద్దున్నే బిందెలతో కొట్టుకున్న కుళాయి చోట కుండీల్లో మొక్కలు పెట్టి, వాటికి నీళ్లు పోయడానికి మనిషిని పెట్టారు. ఏమనాలో మీరే చెప్పండి.

ఈ మార్పులన్నిటినీ ఒక్క గుడ్డ మీద గీసి, గీకి, మళ్లీ గీసిన మనిషి ఒకామె ఆ పేటలోనే ఉంది. మునిసిపల్ ఆఫీసు డ్రాయింగు గదిలో ముప్ఫై ఆరేళ్లు ట్రేసరుగా చేసి రిటైరైంది. పేటంతా ఆమెను ట్రేసరమ్మ అంటుంది. పెళ్లి చేసుకోలేదేమని అడిగితే, "తీరిక దొరకలేదు" అనేది. అదేదో కూరగాయలు తెచ్చుకోవడం మర్చిపోయినట్టు చెప్పేది కాబట్టి మళ్లీ అడగడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.

ఆ పని ఎలాంటిదో ఇప్పటివాళ్లకు కాస్త చెప్పాలి. ట్రేసింగు క్లాతు అని ఒకటుండేది. గంజి పెట్టిన సన్నని నేత గుడ్డ, లేత నీలం రంగు, కింద పెట్టింది పైకి కనిపించేంత పల్చన. కొలతలాయన గొలుసు పట్టుకుని వీధులన్నీ తిరిగి, ఏ ఇల్లు ఎంత వెడల్పో, ఏ సందు ఎక్కడ తిరిగిందో పుస్తకంలో రాసుకొచ్చేవాడు. ఆ అంకెల్ని చూసి ట్రేసరమ్మ గుడ్డ మీద నల్లసిరాతో ఇళ్లు నిలబెట్టేది. ఊరంతా అలా ఇరవై మూడు షీట్లు. ఆమె పుట్టిన పేట ఏడో నంబరు షీటు.

ఇల్లు పడిపోతే ఆ గీతల్ని అర బ్లేడుతో గీకెయ్యాలి. గుడ్డ చిరగకూడదు, సిరా మిగలకూడదు. గీకినచోట సుద్దపొడి వేసి, గోటితో నునుపు చేసి, ఆ పైన కొత్త ఇల్లు గీయాలి. చెమట చుక్క పడిందా, అక్కడ గంజి కరిగి తెల్లమచ్చ పడుతుంది, ఇంక ఏ దేవుడూ దాన్ని బాగుచేయలేడు. ఎండాకాలం ఫ్యాను వేస్తే షీటు ఎగురుతుంది, వేయకపోతే చెమట కారుతుంది. ముంజేతికి తువ్వాలు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆ గదిలో నలుగురు ట్రేసర్లు ఊరిని గీసేవాళ్లు.

మధ్యాహ్నం మిగతావాళ్లు భోజనాలకు వెళ్లాక, ఆమె ఏడో నంబరు షీటును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకునేది. వెలుగులో గీకేసిన ఇళ్లన్నీ మళ్లీ కనిపించేవి. సిరా పోయినా గీత పోదు. గుడ్డలో పలచని జాడ ఒకటి మిగిలిపోతుంది. కొత్త లాడ్జి కింద పాత ఐస్ ఫ్యాక్టరీ, ఇంకోచోట కొత్త షెడ్డు కింద పాత గుర్రాల సాల. అన్నీ ఒకదాంట్లో ఒకటి, ఎవరికీ అడ్డం లేకుండా. ఆమె చూపు ఆ పలచని వీధుల్లో తిరిగి తిరిగి, ఏనాడో పోయిన వాళ్లింటి అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేది. "ఏమిటే, షీటుకు దిష్టి తీస్తున్నావా?" అని తిరిగొచ్చిన ట్రేసర్లు వేళాకోళం చేసేవాళ్లు. ఆమె నవ్వి ఊరుకునేది. నిజానికి రోడ్డు మీదా అంతే. నడుస్తూ నడుస్తూ లేని అరుగును తప్పుకుని, ఉన్న కరెంటు స్తంభానికి గుద్దుకున్న రోజులు ఆమెకు చాలానే ఉన్నాయి.

ఇక బైండరుగారి సంగతి. అచ్చాఫీసుల వీధికీ దాని వెనక వీధికీ మధ్య ఇళ్ల వరస చాలా పొడుగు. ఎక్కడా సందు లేదు. చుట్టు తిరిగి వెళ్లాలంటే పావుగంట. బడి వెనక వీధిలో, కుళాయి వెనక వీధిలో, బస్సు ఆగేది వెనక వీధిలో. ఆ వరసకు సరిగ్గా నడుమ బైండింగు షాపు. ముందు తలుపు ఈ వీధిలోకి, వెనక తలుపు ఆ వీధిలోకి. బైండరుగారు పొద్దున వచ్చి రెండు తలుపులూ బార్లా తీసేవాడు. పేటంతా అందులోంచే నడిచేది.

"లోపల్నుంచి పోదాం పద" అంటే ఆ పేటలో అర్థం అదే. దానికో పద్ధతి కూడా ఉండేది. వానాకాలం గడప దగ్గర కాళ్లు తుడుచుకోవాలి. గొడుగు మూసుకోవాలి. బల్లల మధ్య నడుస్తుంటే ఏదీ ముట్టుకోకూడదు. సైకిలైతే భుజాన వేసుకోవాలి. బైండరుగారు తలెత్తేవాడు కాదు. దారం నోట పెట్టుకునే, "కుడి పక్క జిగురు తడిగా ఉంది" అనేవాడు. ఆ మాట ముప్ఫై ఏళ్లు రోజుకు వందసార్లు అని ఉంటాడు. ఒకసారి ఎవరిదో మేకపిల్ల ఒంటరిగా వచ్చి, బల్లల మధ్య నుంచి బుద్ధిగా నడిచి వెనక తలుపులోంచి వెళ్లిపోయిందని పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దానికీ జిగురు సంగతి చెప్పాడట.

ఆయనకు ఒక్కతే కూతురు. ట్రేసరమ్మ ఈడుదే. ఇద్దరూ ఆ షాపులోంచే బడికి పోయారు, ఆ షాపు మెట్ల మీదే రహస్యాలు చెప్పుకున్నారు. అరవై దాటినా ఆవిడను పేటలో ఇంకా బైండరమ్మాయి అనే అంటారు.

ఏడో నంబరు షీటు మొదటిసారి గీసేనాటికి ట్రేసరమ్మకు ఇరవై నాలుగేళ్లు. కొలతలాయన తన పుస్తకంలో షాపును షాపుగానే రాశాడు: ఈ వీధి నుంచి ఆ వీధి దాకా ఒకే కప్పు, పద్దెనిమిది అడుగుల వెడల్పు. ఆమె ఆ పేజీ చూడకుండానే గీసింది. పుట్టిన పేట, చూడ్డం దేనికి? చెయ్యి తనంతట తాను అచ్చాఫీసుల వీధి గీసింది, వెనక వీధి గీసింది, రెంటినీ కలుపుతూ ఆరడుగుల సందు గీసింది. పక్కన పన్నెండడుగుల షాపు. గీస్తుంటే ఎంత హాయిగా ఉందో ఆమెకు ఇప్పటికీ గుర్తుంది.

పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ కళ్లద్దాలు సవరించుకుని షీటంతా తనిఖీ చేశాడు. పక్క వీధిలో ఒక మురుగుకాలవ వంకర పోయిందని చీవాట్లు పెట్టి, దాన్ని దిద్దించాడు. సందు మీద వేలు పెట్టి, అక్కణ్నుంచి ఇక్కడికి జరిపి, తల ఊపి సంతకం చేశాడు. ఆయన కూడా రోజూ బైండింగు షాపులోంచే ఆఫీసుకు వచ్చేవాడు మరి. కొలతలాయన చూశాడు. ఆయనా అంతే. ఆ తప్పు చేయాలన్నా, ఆ తప్పు కంటికి ఆనకపోవాలన్నా ఆ పేటలో పుట్టి ఉండాలి. ముగ్గురూ పుట్టారు. పైన సర్కారు ముద్ర పడింది.

తొమ్మిదేళ్లు గడిచాయి. బైండరుగారు పోయాడు. ఆ ఏడు వానలకు షాపు కప్పు కూలింది. కూతురు శిథిలాలు ఎత్తించి, కింద టైపు ఇన్‌స్టిట్యూటు, పైన తనకూ తల్లికీ రెండు గదులూ వేసుకుందామని ప్లాను పెట్టింది. ప్లాను తిరిగొచ్చింది. మీ స్థలంలో ఆరడుగుల ప్రజల దారి ఉంది, దాన్ని వదిలి కట్టుకోండి అని.

ఆమె ఆ కాగితం పట్టుకుని పరుగెత్తుకుంటూ డ్రాయింగు గదికి వచ్చింది. "ఏమిటే ఇది? మా షాపులో దారేమిటి?"

ట్రేసరమ్మ షీటు తీసింది. కొలతల పుస్తకం తీసింది. ఆ పేజీని జన్మలో మొదటిసారి చూసింది. సందు లేదు. ఎప్పుడూ లేదు.

అప్పటికి ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఖాయం చేసే కాగితం అప్పుడే పై ఆఫీసరు సంతకానికి వెళ్లింది. తొమ్మిదేళ్ల కిందటి తప్పు ఇప్పుడు బయటపెడితే ఇంటికి పంపేస్తారు. అది ఒక కారణం. రెండోది తనకు తానే చాలా ఏళ్లు చెప్పుకోలేదు. కూలిన ఇటుకల మీదుగా కూడా జనం నడుస్తూనే ఉన్నారు. ఆమె కూడా ఆ పొద్దున అలాగే వచ్చింది. ఆ రెండు గీతలూ గీకేస్తే అక్కడ గోడ లేస్తుంది. తను చిన్నప్పుడు నడిచిన దారి ఉండదు. ఆ ఊహే ఆమెకు మింగుడు పడలేదు.

"షీట్లో ఉందే," అంది. "నేనేం చెయ్యను?"

బైండరమ్మాయి షీటు కేసి చాలాసేపు చూసింది. సర్కారు ముద్ర చూసింది. "అయితే మా నాన్న ప్రజల దారిని కప్పేసుకుని కూర్చున్నాడన్నమాట," అంది మెల్లగా. "అందుకేనా ఎవరు నడిచినా నోరెత్తేవాడు కాదు?"

ట్రేసరమ్మ షీటు చుట్టి బీరువాలో పెట్టేసింది. ఆ రోజు నుంచి బైండరమ్మాయి నలుగురిలో తండ్రి ఊసెత్తడం మానేసింది.

ఇల్లు లేచింది. పన్నెండడుగులు, గోడలు పోగా పదిన్నర. కింద టైపు మిషన్లు ఒకే వరసలో ఆరు పట్టాయి. చివరి మిషను దగ్గర కూర్చున్న పిల్ల బయటికి వెళ్లాలంటే మిగతా అయిదుగురూ లేచి నిలబడాలి. పైకి మెట్లు నిచ్చెనలా నిటారుగా, నడుమ ఒక మలుపు. ఆరేళ్లకు తల్లికి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి వాళ్లు స్ట్రెచరు తెచ్చారు గానీ అది మలుపు తిరగలేదు. అటు వంచారు, ఇటు వంచారు, లాభం లేకపోయింది. చివరికి ముసలామెను పేము కుర్చీలో కూర్చోబెట్టి, చీరతో కట్టి, నలుగురు నాలుగు కాళ్లు పట్టుకుని దించారు. దారి పొడుగునా ఆమె తల పక్కకు వాలిపోతూనే ఉంది. ఒక కాలు పట్టుకున్నది ట్రేసరమ్మే. తల్లి మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు.

సందు మాత్రం బతికింది, అది కూడా దర్జాగా. మొదట మట్టి దారి, తర్వాత రాళ్లు పరిచారు, తర్వాత దీపం పెట్టారు. చెప్పులు కుట్టేవాడు ఒకడు ఆ చివర కూర్చుని ముసలివాడైపోయాడు. గోడ మీద పిల్లలు బొగ్గుతో గీసిన బొమ్మల పైన వాళ్ల పిల్లలు రంగు సుద్దలతో గీశారు. మిట్టమధ్యాహ్నం ఊరంతా ఉడుకుతున్నా అందులో చల్లగా ఉండేది. కొత్తగా వచ్చి అద్దెకు దిగినవాళ్లు ఇళ్లవాళ్లను అడిగే మొదటి మాట, "సందుకు దగ్గరేనా?" ప్రేమలు అందులో మొదలయ్యాయి, కొన్ని అందులోనే తెగాయి. ట్రేసరమ్మ రోజుకు రెండుసార్లు దాంట్లోంచి నడిచేది. ఒక చెయ్యి గోడకు ఆనించి, కళ్లు సగం మూసుకుని. అటు పక్క బల్లలు, ఇటు పక్క కాగితాల దొంతరలు, దారం నోట పెట్టుకున్న మనిషి. వెనక వీధి ఎండలోకి వచ్చేసరికి కళ్లు చెదిరి కాసేపు నిలబడిపోయేది. ఆ సుఖానికీ, పక్క గోడ వెనకాల చివరి మిషను దగ్గర ఇరుక్కున్న పిల్లకీ సంబంధం ఏమిటో ఈ లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసు. తెలిసే నడిచేది. అలా ముప్ఫై ఒక్క ఏళ్లు.

ఈ మధ్య ఆ ఇళ్ల వరసంతా కొనేసి పద్నాలుగంతస్తులు లేపుదామని ఒక బిల్డరు దిగాడు. అడ్డం ఒక్కటే, ఆ సందు. ప్రజల దారిని మూయడానికి వీల్లేదు. అదే సమయంలో ఆఫీసులో పాత షీట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. ఒక సాయంత్రం ఇంజనీరు పిల్ల ఒకతె ట్రేసరమ్మ ఇంటికి వచ్చింది. పాతికేళ్లు కూడా ఉండవు. చేతిలో కొలతల పుస్తకం.

"ఆంటీ, షీట్లో సందు ఉంది, పుస్తకంలో లేదు. మీరు గీసిందే కదా. ఏది నిజమో మీరు రాసివ్వాలట. శుక్రవారం లోపల."

ట్రేసరమ్మ మంచినీళ్లిచ్చింది.

పిల్ల గొంతు తగ్గించింది. "నేనూ ఆ సందులోంచే బస్సుకు వెళ్తాను ఆంటీ. మీరు ఉందని రాస్తే ఉన్నట్టే. పుస్తకం సగం చెదలు కొట్టేసింది, ఎవరూ నిలదీయరు. లేదని రాస్తే మాత్రం స్థలం ఆ టైపు ఆవిడకు పోతుంది. ఆవిడ బిల్డరుకు అమ్మేస్తుంది. ఎవరైనా అమ్ముతారు. ఇంక సందు లేదు, పేట లేదు."

ఆ పిల్ల వెళ్లాక ఆమె సందులోకి వెళ్లింది. ఇంకా ఎండ పోలేదు. చెప్పులవాడు సామాను సర్దుకుంటున్నాడు. ఎవరో ఇద్దరు ఆడపిల్లలు ఒకే ఇయర్‌ఫోను తీగను చెరొక చెవిలో పెట్టుకుని ఆమెకు దారిచ్చి పక్కకు తప్పుకున్నారు. గోడకు చెయ్యి ఆనించింది. ఎన్ని వేలమంది చేతులు ఆనితే ఆ నునుపు వచ్చిందో! ఒక్క మాట రాస్తే ఇది ఇలాగే ఉంటుంది. ఉంది అని. రెండక్షరాలు. అది అబద్ధం కూడా కాదే, కళ్లెదుట ఉందిగా! గోడకు అటు పక్క నుంచి బైండరమ్మాయి దగ్గు వినిపించింది. ఇంత దగ్గర్నుంచి ఆ దగ్గు ఎన్నోసార్లు విని ఉంటుంది. ఈసారి కాళ్లు ముందుకు పడలేదు. వెనక్కి తిరిగి, ఆ ఇంటి తలుపు తోసింది.

టైపు మిషన్లు పోయి ఇప్పుడు రెండు కంప్యూటర్లు, ఒక జెరాక్సు మిషను. బైండరమ్మాయి దాని మూత తీసి పొడి దులుపుతోంది. "ఏమే, దెయ్యాన్ని చూసినదానిలా ఉన్నావు! కూర్చో," అంది.

కూర్చోలేదు. "ఆ సందు సర్కారుది కాదే," అంది ట్రేసరమ్మ.

"ఏ సందు?"

"మన సందు. పొరపాటున గీశాను. అసలు కొలతల్లో అది లేదు. పద్దెనిమిది అడుగులూ నీవే."

బైండరమ్మాయి దులపడం ఆపింది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"నువ్వు ప్లాను పట్టుకుని వచ్చావే, ఆ రోజే."

బయట సందులో ఎవరో నవ్వుకుంటూ వెళ్లారు. వాళ్ల అడుగుల చప్పుడు ఆ చివరిదాకా వినిపించింది.

"అయితే అమ్మను కుర్చీలో దించినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"ఒక కాలు నువ్వే పట్టుకున్నావు."

"పట్టుకున్నాను."

ఏడుస్తుందనుకుంది, తిడుతుందనుకుంది. బైండరమ్మాయి గోడ కేసి చూస్తూ ఇంకేదో అడిగింది. "అయితే మా నాన్న?"

"మీ నాన్న ఎవరి దారీ కప్పుకోలేదు. తన షాపులోంచి జనాన్ని పోనిచ్చాడు. అంతే."

అప్పుడు ఆమె మొహం మారిపోయింది. "ఇన్నేళ్లూ నేనాయన్ను దొంగ అనుకున్నానే! తప్పు చేశాడు కాబట్టి తలెత్తేవాడు కాదనుకున్నాను. జనం నడుస్తుంటే భయపడేవాడనుకున్నాను. నువ్వు వారానికి నాలుగుసార్లు వచ్చి నా ఇంట్లో కాఫీ తాగుతూ, నన్నలా అనుకోనిచ్చావు." జెరాక్సు మిషను మూత దబ్బున వేసింది. "ఆరడుగులు పోతే పోయాయి. మా నాన్నను తీసుకుపోయావు నువ్వు. పో ఇక్కణ్నుంచి."

ట్రేసరమ్మ వచ్చేసింది. మర్నాడు పొద్దున్నే తెల్లకాగితం మీద జరిగింది జరిగినట్టు రాసి ఆఫీసులో ఇచ్చింది. అది చదివి ఇంజనీరు పిల్ల కళ్లలో నీళ్లు పెట్టుకుంది. "ఎందుకాంటీ ఇలా చేశారు?" అంటే, "చేసింది ఇప్పుడు కాదమ్మా" అంది.

శుక్రవారం దాకా ఆ నాలుగు రోజులూ ఆమె సందు తొక్కలేదు. బస్సుకైనా పాలకైనా చుట్టు తిరిగి పావుగంట నడిచింది. పుట్టి బుద్ధెరిగాక అలా నడవడం అదే మొదలు. ఎన్నిసార్లు గీసినా, ఆ వరస అంత పొడుగని ఆమె కాళ్లకు ఇప్పుడే తెలిసింది. సంగతి పేటంతా పొక్కింది. కొందరు మొహం తిప్పుకున్నారు. "ఈ వయసులో నిజం చెప్పకపోతే కొంప మునిగిందా?" అని చెప్పులవాడు మొహం మీదే అడిగేశాడు.

శుక్రవారం ఆఫీసరు ఇద్దర్నీ పిలిపించాడు. గదిలో ఆఫీసరు, ఇంజనీరు పిల్ల, బిల్డరు తరఫున నవ్వు మొహంతో ఒకాయన. బల్ల మీద ఏడో నంబరు షీటు పరిచి ఉంది. బైండరమ్మాయి వచ్చి ఈ చివర కూర్చుంది. ట్రేసరమ్మ వైపు చూడలేదు.

"అమ్మా, రికార్డు ప్రకారం పొరపాటు మా ఆఫీసుదే," అన్నాడు ఆఫీసరు. "స్థలం మొత్తం మీదే. కట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు, మీ ఇష్టం."

నవ్వు మొహమాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"నాదేనా? కాగితం మీద కూడా?" అంది బైండరమ్మాయి.

"కాగితం మీద కూడా."

"మా నాన్న ఎవరి దారీ ఆక్రమించలేదని అందులో రాసుందా?"

ఆఫీసరు తికమకపడ్డాడు. "అలా రాయంగానీ అమ్మా…"

"రాయండి."

ఆఫీసరు ఇంజనీరు పిల్ల వైపు చూశాడు. పిల్ల అప్పటికే రాసేస్తోంది. బైండరమ్మాయి కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, ఆ వాక్యం రెండుసార్లు చదువుకుంది. సంతకం చేసింది.

"ఇప్పుడు ఇంకో మాట రాసుకోండి. దారి నేనిస్తున్నాను. మళ్లీ పొరపాటు, గిరపాటు అని రాస్తే ఊరుకోను. ఫలానా బైండరు కూతురు ఇచ్చింది అని రాయండి. ఆరు కాదు, నాలుగడుగులు. రెండడుగులు నాకు కావాలి."

"రెండడుగులతో ఏం చేస్తారండీ?" అని నవ్వు మొహమాయన ఆశ చావక అడిగాడు.

"మెట్లు వెడల్పు చేసుకుంటాను."

ఆ మాట గదిలో ఒక్క మనిషికే తగిలింది. ఆ మనిషి తల వంచుకుంది. బిల్డరు మనిషి కాగితాలు సర్దుకుని లేచాడు. ఆ వరసలో రెండు చివరలా బిల్డరు కొన్న ఇళ్లు ఈపాటికి పడగొట్టేశారు, అక్కడ లేవాల్సినవి లేస్తున్నాయి. నడుమ దారి మాత్రం అతనికి దక్కలేదు.

ఒక చిక్కు మిగిలింది. అసలు షీటు మీద దిద్దితే తప్ప కంప్యూటర్లోకి ఎక్కించకూడదని ఆఫీసు నియమం. ట్రేసింగు క్లాతు మీద బ్లేడు పెట్టడం ఇప్పుడా ఆఫీసులో ఎవరికీ చేతకాదు. అందరూ ట్రేసరమ్మ వైపు చూశారు.

ఆమె ముంజేతికి చీరకొంగు చుట్టుకుంది. నలభై ఏళ్ల కిందటి గీతను ఒక పక్క మెల్లగా గీకింది, సుద్దపొడి చల్లింది, గోటితో నునుపు చేసింది. సిరా కలం చేతిలోకి తీసుకుంది. స్కేలు ఆనించింది. ఆనించి, ఆగిపోయింది. తల తిప్పి, అయిదు రోజులుగా తనతో మాట్లాడని మనిషిని చూసింది.

"ఎక్కడ గీయనే?" అంది.

బైండరమ్మాయి లేచి రావడానికి కొంచెం సేపు పట్టింది. వచ్చి, వంగి, షీటు మీద ఒకచోట గోరు పెట్టింది. "ఇక్కడ."

ట్రేసరమ్మ గీసింది. సిరా ఆరేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

"నలభై ఏళ్లకు అడిగావు," అంది బైండరమ్మాయి.